నోటరీ ఇల్లు

మా బస్తీలో ఇళ్లు రెండు రకాలు. రిజిస్ట్రీ ఇల్లు, నోటరీ ఇల్లు. పెళ్లి మాటల దగ్గర కూడా ఈ లెక్క వస్తుంది. పిల్లగానికి సొంతిల్లు ఉందనగానే "రిజిస్ట్రీనా, నోటరీనా?" అని అవతలివాళ్లు అడుగుతారు. మాది నోటరీ ఇల్లు. ఎనభై గజాలు. రెండు గదులు, ముందర నేను కుట్టుమిషను పెట్టుకునే రేకుల షెడ్డు. దీనికి ఆధారం మూడు పేజీల కాగితం. పైన వంద రూపాయల స్టాంపు పేపరు, కింద రెండు తెల్ల కాగితాలు. చివరి పేజీలో అమ్మినాయన సంతకం, బొటనవేలి ముద్ర, ఇద్దరు సాక్షుల సంతకాలు, నోటరీ స్టాంపులు, వాటి మీద గుండ్రటి సీలు. సీలు పక్కన పెన్నుతో రాసిన ఒక నంబరు.

1998లో కొన్నాం. మా ఆయన జీడిమెట్ల పారిశ్రామికవాడలో లేత్ మిషను మీద పనిచేసేవాడు. చిట్టీ ఎత్తిన డబ్బు, మా పుట్టింటివాళ్లు పెట్టిన గొలుసు అమ్మిన డబ్బు కలిపి అరవై వేలు. అమ్మినాయనకు అక్కడ పట్టా భూమి ఉండేది. దాన్ని అరవై, ఎనభై, వంద గజాల ముక్కలు చేసి మాలాంటి వాళ్లకు అమ్మాడు. లేఔట్ లేదు, అనుమతి లేదు. మా ఆయన రిజిస్ట్రీ మాటెత్తితే ఆయన చెప్పిన జవాబు నాకు ఇంకా గుర్తుంది. "భూమి మీద సీలింగుంది తమ్మీ, ఇప్పుడు రిజిస్ట్రీ కాదు. నోటరీ చేస్కుందాం. సీలింగ్ పోంగనే చేసిస్త." ఆయన అన్న సీలింగు 1976 నాటి పట్టణ భూ గరిష్ఠ పరిమితి చట్టం. అది నిజంగా ఆ ముక్కకు అడ్డమో కాదో మాకు ఎవరు చెప్పాలి? అందరూ అలాగే కొన్నారు. ఈ బస్తీలో నోటరీ కాగితాల మీద ఇల్లు కట్టుకున్నవాళ్లు తెలివితక్కువవాళ్లని పెద్ద చదువుల వాళ్లు అనుకుంటారు. రిజిస్ట్రేషన్ ఖర్చు చేతిలో లేనివాడికి, అనుమతి ఉన్న లేఔట్లో గజం కొనే తాహతు లేనివాడికి ఈ ఊళ్లో ఇంకే దారి ఉండేదో వాళ్లే చెప్పాలి.

నోటరీ చేయించిన రోజు నేను కూడా వెళ్లాను. నోటరీ ఒక వకీలు. కోర్టుకు ఎదురుసందులో మేడ మీద చిన్న గది. కింద స్టాంపులు అమ్మేవాడు, పక్కనే టైపు కొట్టేవాడు. నోటరీ మనిషి నెమ్మది. కాగితం మొత్తం చదివాడు. అమ్మినాయనను పేరడిగాడు, తండ్రి పేరడిగాడు, డబ్బు ముట్టిందా అని అడిగాడు. ఒక పెద్ద రిజిస్టరు తీసి అందులో ఏదో రాసి, అమ్మినాయనతో అందులో కూడా సంతకం, వేలిముద్ర తీసుకున్నాడు. అంతా అయ్యేసరికి అన్నం వేళ దాటింది. మా ఆయన విసుక్కున్నాడు. వేరే నోటరీల దగ్గర చిటికెలో అయిపోతుందట.

2008లో మన రాష్ట్రంలో సీలింగు చట్టం ఎత్తేశారు. మా ఆయన అమ్మినాయన దగ్గరికి పోయాడు. చేద్దాం చేద్దాం అన్నాడు. పండగ పోనీ అన్నాడు, శూన్యమాసం పోనీ అన్నాడు. ఆ తర్వాత పక్షవాతం వచ్చి మంచానపడ్డాడు, పోయాడు. ఆయన కొడుకులు ఇద్దరు. రిజిస్ట్రీ చేయాలంటే ఇప్పటి రేటులో తేడా కట్టమన్నారు. ఆ తేడా మేం కొన్న ధరకు ఎన్నో రెట్లు. మా ఆయన మళ్లీ వాళ్ల గడప తొక్కలేదు. కరెంటు మీటరు మా పేరున ఉంది, నల్లా ఉంది, ఇంటి టాక్సు కడుతున్నాం, ఎవడేం చేస్తాడని ధీమా. 2016లో ఆయన గుండెపోటుతో పోయాడు.

2018 ఎండాకాలంలో ఒకాయన టేపు పట్టుకున్న ఇద్దరు మనుషులను వెంటబెట్టుకుని వచ్చాడు. నేను జాకెట్టుకు హుక్కులు కుడుతున్నాను. గోడ పక్కన కొలుస్తుంటే ఎవరని అడిగాను. "ఈ ప్లాటు నేను కొన్న. మీరు ఎప్పుడు ఖాళీ చేస్తరు?" అన్నాడు. చేతిలో రిజిస్ట్రీ కాగితం. అమ్మినాయన కొడుకులిద్దరూ కలిసి ఆయనకు సేల్ డీడ్ చేశారు. ఈసీ కూడా తెచ్చాడు. ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్‌లో మా సర్వే నంబరు మీద ఆయన పేరు ఉంది. మా పేరు ఎక్కడా లేదు. ఎలా ఉంటుంది? సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రాసినవే ఈసీలోకి వస్తాయి. నోటరీ రిజిస్టరులో రాసింది ఆ నోటరీ బీరువాలో ఉంటుంది. ఒకే ప్లాటును పదిమందికి నోటరీ మీద అమ్మినా, పదకొండో వాడు తీసే ఈసీ శుభ్రంగా ఉంటుంది. ఈ సంగతి నాకు ఆ రోజు ఆయన నోటి నుంచే తెలిసింది.

పోలీసు స్టేషన్‌కు పోతే సివిల్ మ్యాటర్ అన్నారు. బస్తీ లీడరు కొంత ఇచ్చి రాజీ చేసుకోమన్నాడు. కొంత అంటే ఎంతో తెలిశాక అతనితో మాట్లాడటం మానేశాను. రాత్రిళ్లు నిద్ర పట్టేది కాదు. పిల్లలు బడికి పోయాక తలుపు లోపల గడియ పెట్టుకుని కుట్టేదాన్ని. నేను బయటికి పోయి వచ్చేలోగా తాళం మారిపోతుందని భయం. కూరగాయలకు పోవాలన్నా పక్కింటి వదినను గుమ్మంలో కూర్చోబెట్టి పోయేదాన్ని. ఆ ఏడాది దసరాకు ఊరికి పోలేదు. మా అమ్మ జబ్బుపడితే కూడా పొద్దున పోయి సాయంత్రానికి వచ్చేశాను. ఎనభై గజాలకు కాపలా కాయడమే బతుకైంది.

కోర్టు సమను వచ్చింది. ఇల్లు ఖాళీ చేయించి తనకు అప్పగించాలని ఆ కొన్నాయన దావా. నాకు మొదట దొరికిన వకీలు ఫీజు చెప్పి, కాగితం చూసి, పెదవి విరిచాడు. "నోటరీ కాగితానికి విలువ లేదమ్మా" అన్నాడు. సుప్రీంకోర్టు 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో చెప్పేసిందట. జీపీఏల (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీల) మీద, అగ్రిమెంట్ల మీద జరిగే అమ్మకాలతో ఇల్లు చేతులు మారదు, రిజిస్టరు అయిన సేల్ డీడ్ ఒక్కటే దారి అని. ఆ మాట నిజమే. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టంలో 17వ సెక్షను, ఆస్తి బదిలీ చట్టంలో 54వ సెక్షను ఎప్పటినుంచో చెబుతున్నవే ఇవి. వంద రూపాయలు, ఆపైన విలువ ఉన్న స్థిరాస్తి అమ్మకం రిజిస్టరు కావాలి. ఈ ఊళ్లో వంద రూపాయల లోపు దొరికే భూమి ఏదో ఆ దేవుడికే తెలియాలి.

అప్పుడు మా దగ్గర బ్లౌజులు కుట్టించుకునే టీచరమ్మ ఒకావిడ చెప్పింది, ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారని. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ. చాలామందికి తెలియదు కాబట్టి రాస్తున్నాను. 1987 నాటి చట్టంలో అది ఉంది. దరఖాస్తు పెడితే ఒక లాయరమ్మను ఇచ్చారు. నాకంటే వయసులో చిన్నది. కాగితం పట్టుకుని అందరూ మొదటి పేజీ చూస్తే ఆమె చివరి పేజీ చూసింది. తర్వాత తారీఖు చూసింది. "అక్కా, 1998 కదా, ఒక దారి ఉంది" అంది.

ఆ దారి నాకు అర్థమైనంత చెబుతాను. ఆస్తి బదిలీ చట్టంలో 53-ఏ అని ఒక సెక్షను. రాతమూలకంగా ఒప్పందం రాసి, సంతకం పెట్టి, డబ్బు తీసుకుని, ఇల్లు అప్పగించినవాడు తర్వాత రిజిస్ట్రీ కాలేదనే సాకుతో కొన్నవాడిని బయటికి తోయడానికి లేదు. ఆయన వారసులకూ లేదు. దాంతో మనకు హక్కు రాదు, మనల్ని వెళ్లగొట్టే వీలు మాత్రం వాళ్లకు ఉండదు. 2001 సెప్టెంబరు 24 నుంచి ఆ సెక్షను మార్చేశారు. ఆ తేదీ తర్వాత రాసుకున్న ఒప్పందమైతే రిజిస్టరు అయి ఉంటేనే ఆ రక్షణ. మాది అంతకుముందుది. మా వెనక వీధిలో 2004లో కొన్నవాళ్లున్నారు. అదే నోటరీ, అదే అమ్మినాయన, అదే మాటలు. వాళ్లకు ఈ దారి లేదు. న్యాయం తారీఖును బట్టి మారిపోతుందా అని లాయరమ్మను అడిగాను. "చట్టం మారుతుంది అక్కా" అంది.

దారి ఉందన్నంత మాత్రాన నడక సులభం కాదు. మొదటి వాయిదాల్లోనే మా కాగితాన్ని కోర్టు ముందు పెట్టబోతే ఎదుటి వకీలు లేచాడు. దీనికి స్టాంపు చాలదు, సాక్ష్యంగా తీసుకోకూడదన్నాడు. ఆ మాటా నిజమేనట. ఇల్లు అప్పగించినట్టు రాసిన అగ్రిమెంటుకు మన రాష్ట్రంలో సేల్ డీడ్‌కు కట్టినంత స్టాంపు డ్యూటీ కట్టాలి. మేం వంద రూపాయల పేపరు మీద రాసుకున్నాం. కట్టని డ్యూటీ, దాని మీద పది రెట్ల జరిమానా కడితేగాని కోర్టు ఆ కాగితం వైపు చూడదు. నాకు కళ్లు తిరిగాయి. లాయరమ్మ మాత్రం జరిమానా కోర్టులోనే కడతామనకుండా, కాగితాన్ని జిల్లా రిజిస్ట్రారుకు పంపమని పిటిషను వేసింది. కోర్టులో కడితే పది రెట్లూ కట్టాలి. రిజిస్ట్రారుకు తగ్గించే అధికారం ఉంది. కోర్టు కాగితాన్ని స్వాధీనం చేసుకుని అక్కడికి పంపింది.

అసలు కాగితం నా చేతిలో లేని ఆ నెలలు చెప్పుకోలేను. జిరాక్సు పెట్టెలో పెట్టుకుని అసలుది ఏ ఫైలు కింద నలుగుతోందో అనుకుంటూ ఉండేదాన్ని. చివరకు జరిమానా తగ్గించారు. అయినా అది నాకు పెద్ద మొత్తమే. పెద్దపిల్ల చెవి కమ్మలు, నా గాజులు కుదువబెట్టి కట్టాను. కాగితం మీద డ్యూటీ, జరిమానా కట్టినట్టు ముద్ర వేసి కోర్టుకు తిప్పి పంపారు.

ఆ తర్వాత వచ్చింది అసలు చిక్కు. ఎదుటివాళ్లు కొత్త మాట ఎత్తుకున్నారు. ఆ సంతకం అమ్మినాయనది కాదు, ఆయన ఎవరికీ ఏమీ అమ్మలేదు, ఈ కాగితమే దొంగ కాగితం. సాక్షులు ఇద్దరిలో ఒకాయన చనిపోయాడు. రెండో ఆయన అమ్మినాయనకు దూరపు చుట్టం. ఏం జరిగిందో గుర్తులేదన్నాడు. మా ఆయన లేడు. నేను చూశానంటే నా మాట నా ఇంటి కోసమే కదా.

"నోటరీ బతికే ఉన్నాడా?" అని లాయరమ్మ అడిగింది.

ఆ మేడ మీది గది ఇప్పుడు మొబైల్ రిపేరు షాపు. కింద స్టాంపులు అమ్మేవాడి కొడుకు మెడికల్ షాపు పెట్టుకున్నాడు. వాణ్ణీ వీణ్ణీ అడిగి, కోర్టులో ముసలి గుమస్తాలను పట్టుకుంటే, నోటరీ గారు ప్రాక్టీసు మానేసి కొడుకు దగ్గర ఉంటున్నాడని తెలిసింది. లాయరమ్మ, నేను వెళ్లాం. ఎనభై దాటిన మనిషి. మోకాళ్లు పోయాయి, చూపు పోలేదు. కాగితం చేతికిస్తే ముందు సీలు చూశాడు. ఆ గుండ్రటి సీలు అయిదు సెంటీమీటర్లు ఉండాలని, అందులో నోటరీ పేరు, ఆయన పనిచేసే ప్రాంతం, రిజిస్ట్రేషన్ నంబరు, నియమించిన ప్రభుత్వం పేరు ఉండాలని 1956 నాటి నోటరీల నిబంధనల్లో ఉందట. అది నాది కాదేమోనని చూస్తున్నానమ్మా, నా సీలు దొంగది చేసి వాడినవాళ్లు ఉన్నారు, అన్నాడు. తర్వాత పక్కనున్న నంబరు చదివాడు. కొడుకును పిలిచి అటక మీద ఇనప్పెట్టె దింపించాడు.

అందులో రిజిస్టర్లు ఏళ్లవారీగా గుడ్డలో కట్టి ఉన్నాయి. 1998 తీసి ఆ నంబరు దగ్గర ఆగాడు. తారీఖు, కాగితం రకం, ఇరువైపుల వాళ్ల పేర్లు, తీసుకున్న ఫీజు, కింద అమ్మినాయన సంతకం, వేలిముద్ర. ఆ వేలిముద్ర సిరా ఇంకా నల్లగానే ఉంది. నాకు ఏడుపు ఆగలేదు. అప్పుడు ఆయన చెప్పిన మాట కొంచెం కటువుగా తోచింది గానీ ఇప్పుడు తలచుకుంటే అంతకంటే తిన్నగా ఎవరూ చెప్పలేదు. "ఇల్లు నీదని నేను రాయలేదమ్మా. ఆ మనిషి నా ముందుకొచ్చి సంతకం పెట్టాడని రాశాను. పెళ్లికి సాక్షి సంతకం చేసినవాడు కాపురానికి పూచీ పడతాడా? జనం నా దగ్గరికి వచ్చి ఇల్లు రాయించుకున్నామనుకునేవారు. నేను చెబుతూనే ఉండేవాణ్ణి. ఎవరు విన్నారు?"

విన్నామో లేదో నాకు గుర్తులేదు. ఆ రోజు ఆయన చెప్పి ఉన్నా మేం చేయగలిగింది వేరే ఏముంది?

ఆయన కోర్టుకు రాలేడు కాబట్టి సాక్ష్యం రాసుకోవడానికి కోర్టు ఒక అడ్వొకేట్ కమిషనర్‌ను ఆయన ఇంటికే పంపింది. కరోనా వల్ల కోర్టులు మూతపడి, తెరుచుకుని, మళ్లీ వాయిదాలు పడి, అది జరిగేదాకా నాకు రోజూ ఒకటే ఆలోచన. ఈ ముసలాయన అప్పటిదాకా ఉంటాడా? ఉన్నాడు. ముందు గదిలో కుర్చీలు వేశారు. కోడలు అందరికీ టీ ఇచ్చింది. ఎదుటి వకీలు అడుగుతుంటే నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను.

"అమ్మినాయన హక్కు కాగితాలు మీరు పరిశీలించారా?"

"లేదు."

"ఆ స్థలం చూశారా?"

"లేదు."

"అక్కడ ప్లాటు ఉందో లేదో కూడా మీకు తెలియదు?"

"తెలియదు. అది నా పని కాదు."

"మరి మీకు తెలిసిందేమిటి?"

"ఆ మనిషి వచ్చాడు. కాగితం చదివి వినిపించాను. ఒప్పుకున్నాడు. నా ముందు సంతకం పెట్టాడు. నా రిజిస్టరులోనూ పెట్టాడు."

కాగితం రాసిన రోజుకు ఆయన నోటరీ సర్టిఫికెట్ చెల్లుబాటులో ఉందా అని కూడా అడిగారు. ఆయన రెన్యువల్ కాగితం కూడా దాచుకున్నాడు. రిజిస్టరులోని సంతకాన్ని అమ్మినాయన వేరే రిజిస్ట్రీల్లో పెట్టిన సంతకాలతో పోల్చి చూశారు. కుదిరింది.

మిగిలింది కొన్నాయన సంగతి. నేను తెలియక కొన్నాను, డబ్బిచ్చి రిజిస్ట్రీ చేయించుకున్నాను, నాకు రక్షణ ఉంది అని ఆయన వాదన. 53-ఏలో అలాంటి వాడికి మినహాయింపు ఉంది కూడా. లాయరమ్మ ఆయనను బోనులో ఎక్కువ సేపు నిలబెట్టలేదు. కొనే ముందు ఇల్లు చూశారా? చూశాను. లోపల ఎవరైనా ఉన్నారా? ఉన్నారు. ఎవరని అడిగారా? కిరాయివాళ్లనుకున్నాను. అడిగారా? లేదు. అంతే. ఒక ఇంట్లో మనుషులు కాపురం ఉంటే, వాళ్లకు ఏ హక్కుందో కొనేవాడికి తెలిసినట్టే లెక్క అని చట్టం. అడగకపోవడం ఆయన తప్పు. ఆయన మీద నాకు కోపం కంటే జాలే ఎక్కువ. ఆయన కూడా రిటైరైన డబ్బు పెట్టి కొన్నాడట. డబ్బు తిన్నది ఆ ఇద్దరు కొడుకులు. వాళ్లు ఇవాళ్టికీ అదే ఊళ్లో కారులో తిరుగుతున్నారు.

2023లో దావా కొట్టేశారు. తీర్పు చదివి వినిపించాక లాయరమ్మ నా భుజం మీద చెయ్యేసి, "గెలిచాం అక్కా, కానీ ఇది పూర్తిగా గెలుపు కాదు" అంది. ఇల్లు నాది అని తీర్పులో లేదు. నన్ను వెళ్లగొట్టకూడదని ఉంది. రిజిస్ట్రీ చేయించమని దావా వేసే గడువు ఎప్పుడో దాటిపోయింది. కొడుకులు తేడా అడిగి కాదన్న రోజు నుంచి మూడేళ్లు. కాబట్టి నేను ఉండొచ్చు. అమ్మలేను. బ్యాంకులో పెట్టి పిల్ల చదువుకు లోను తీసుకోలేను. కొన్నాయన అప్పీలు వేశాడు. అది నడుస్తోంది.

ఆ ఏడాదే జులైలో ప్రభుత్వం జీవో 84 తెచ్చింది. పట్టణాల్లో నోటరీ కాగితాల మీద ఉన్న ఇళ్లను క్రమబద్ధం చేస్తామని, 125 గజాల లోపు వాటికి స్టాంపు డ్యూటీ ఉండదని. బస్తీలో డప్పులు మోగాయి. మీసేవ ముందు వరసలు. నేను కరెంటు బిల్లులు, టాక్సు రసీదులు అన్నీ తారీఖు వరసలో పెట్టుకున్నాను. తర్వాత హైకోర్టు దాన్ని ఆపింది. కోర్టుకు వెళ్లినవాళ్ల వాదనలోనూ తప్పు లేదు. ఇలా వదిలేస్తే దొంగ నోటరీ కాగితాలన్నీ పాత తారీఖులతో పుట్టుకొస్తాయి. కానీ నిజం కాగితం ఏదో, దొంగది ఏదో తేల్చే దారి లేదా అంటే, నా కేసులో తేలింది కదా. ఒక ముసలాయన రిజిస్టరు దాచి పెట్టాడు కాబట్టి తేలింది. ప్రభుత్వం నోటరీల దగ్గర ఉన్న పాత రిజిస్టర్లన్నీ తెప్పించి ఒక్కచోట భద్రం చేస్తే సగం గొడవలు తీరిపోతాయని నా అభిప్రాయం. ఆ ముసలాయన పోతే ఆయన కొడుకు ఆ ఇనప్పెట్టెను పాతసామాన్లవాడికి అమ్మడని ఎవరు చెప్పగలరు?

ఈ మధ్య పిల్ల సర్టిఫికెట్‌లో పేరుకూ ఆధార్‌లో పేరుకూ తేడా ఉంటే, ఇద్దరూ ఒకరేనని అఫిడవిట్ అడిగారు. కోర్టు గేటు దగ్గర చెట్టు కింద నోటరీ బల్ల. అఫిడవిట్ ఇస్తే నా మొహం కూడా చూడకుండా సీలు కొట్టబోయాడు ఆయన మనిషి. వకీలు గారు ఎక్కడన్నాను. కారులో ఉన్నారన్నాడు. ఆయన వచ్చాకే చేయించుకుంటానన్నాను. వెనక నిలబడ్డవాళ్లు విసుక్కున్నారు. వకీలు గారు వచ్చారు. రిజిస్టరులో సంతకం పెడతానన్నాను. "దీనికి కూడానా అమ్మా?" అన్నాడు. దీనికి కూడా సార్ అన్నాను. ఫీజు పట్టిక బయట కనబడేలా పెట్టాలన్న నిబంధన ఉందని కూడా నోటిదాకా వచ్చింది గానీ అంత దూరం పోలేదు. పెట్టించుకున్నాను, సంతకం.

నోటరీ ఇళ్లలో ఉన్న అక్కలకు, అన్నలకు నాదొక విన్నపం. మీ కాగితం పెట్టెలో నుంచి తీసి తారీఖు చూడండి. 2001 సెప్టెంబరు 24కు ముందుదైతే దాన్ని ప్రాణంలా దాచండి, జిరాక్సులు రెండు మూడు చోట్ల పెట్టండి. తర్వాతిదైతే ఇంకా ఆలస్యం చేయకండి. సీలు పక్కన నంబరు రాసి ఉందా చూడండి. ఆ నోటరీ ఎక్కడున్నాడో కనుక్కుని, రిజిస్టరులో మీ పేజీ ఉందో లేదో చూసి రండి, ఆయన ఒప్పుకుంటే ఫోటో తీసుకోండి. ఏడాదికోసారి మీ సర్వే నంబరు మీద ఈసీ తీయండి, మీ ఇల్లు మీకు తెలియకుండా ఎవరి పేరునైనా ఎక్కిందేమో తెలుస్తుంది. సమను వస్తే, ఆడవాళ్లయితే, డబ్బు లేదని భయపడి రాజీకి పోకండి, న్యాయ సేవాధికార సంస్థకు పొండి. అమ్మినాయన ఇంకా బతికి ఉంటే, ఆయన కొడుకులు ఇంకా మంచివాళ్లుగానే ఉంటే, ఈ వారంలోనే వెళ్లి రిజిస్ట్రీ మాట ఎత్తండి. పండగ పోనీ అంటే వినకండి.